సహరీకి లేపేదెవరు?
కొత్తగా ఇస్లాం స్వీకరించిన వారి రంజాన్ నెల

ఆత్రేయపురం: అట్లతద్ది నాడు కోడి కూయకముందే ఆడపిల్లలను లేపి, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగు వేసి అన్నం తినిపించడం గోదావరి ఒడ్డున ఎవరికీ కొత్త కాదు. తిన్నాక తూర్పు తెల్లబడేదాకా ఉయ్యాలలూగడం, ఆపైన పగలంతా పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా ఉండి, చంద్రుడు కనిపించాక అట్లు నైవేద్యం పెట్టి తినడం మన ఇళ్ళలో అమ్మమ్మల నాటి నుంచీ వస్తున్న ఆచారం.

రంజాన్ ఉపవాసం పైకి చూడటానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. తెల్లవారుజామున తినే భోజనాన్ని సహరీ అంటారు. సూర్యుడు అస్తమించగానే ఖర్జూరంతోనో, గుక్కెడు నీళ్ళతోనో ఉపవాసం విడవడాన్ని ఇఫ్తార్ అంటారు. ఈ రెంటి నడుమ అన్నం లేదు, నీరు లేదు, బీడీ లేదు. అట్లతద్ది ఒక్కరోజుతో తీరిపోతుంది. రంజాన్ 29 రోజులో, 30 రోజులో ఉంటుంది. నెలవంక కనిపించిన దానిని బట్టి లెక్క.

అయితే రోజుల లెక్క కంటే పెద్ద తేడా ఇంకొకటి ఉంది. అట్లతద్దికి లేపడానికి తల్లి ఉంటుంది. వీధి వీధంతా పిల్లలు కేకలు వేసుకుంటూ వస్తారు. పుట్టు ముస్లిముల ఇంట కూడా రంజాన్ అటువంటిదే. అమ్మ లేచి పొయ్యి వెలిగిస్తుంది, నాన్న పిల్లలను తట్టి లేపుతాడు, పక్కింట్లో గిన్నెల చప్పుడు వినబడుతుంది. ఇంటిల్లిపాదిలో తానొక్కడే ఇస్లాం పుచ్చుకున్న మనిషికి ఈ సందడి ఏదీ ఉండదు. గడియారం గంట పెట్టుకుని, ఎవరికీ నిద్రాభంగం కాకుండా చీకట్లో లేచి, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని తినాలి. సాయంకాలం అందరూ టీ తాగి లేచిన తరువాత ఒంటరిగా ఖర్జూరం నోట్లో వేసుకోవాలి. కొత్తవారికి ఆకలి మూడు నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. ఈ ఒంటరితనం మాత్రం నెలంతా ఉంటుంది.

పొద్దు లెక్క

మన తెలుగు నెలలూ చాంద్రమానమే. కాని రెండు మూడేళ్ళకొక అధికమాసం వచ్చి మన పండుగలను ఋతువులకు కట్టివేస్తుంది. అందుకే సంక్రాంతి సంగతి పక్కన పెట్టినా, ఉగాది ఎప్పుడూ మామిడిపిందెల కాలంలోనే వస్తుంది. ఇస్లామీయ సంవత్సరంలో అధికమాసం లేదు. సుమారు 354 రోజులకే ఏడాది నిండుతుంది. కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజుల చొప్పున ముందుకు జరిగి, దాదాపు 33 ఏళ్ళకు ఋతువులన్నీ చుట్టి వస్తుంది. మన దేశంలో 2015లో జూన్ 19న ఉపవాసాలు మొదలయ్యాయి. 2019లో మే 7న, 2025లో మార్చి 2న మొదలయ్యాయి. 2030లో అయితే జనవరి మొదటి వారంలో ఒకసారి, డిసెంబరు ఆఖరున మరొకసారి, ఒకే ఏడాదిలో రెండు రంజాన్‌లు మొదలవుతాయి.

ఆత్రేయపురం పొద్దుతో లెక్క కడితే మార్చిలో ఉపవాసం సుమారు పదమూడు గంటలు. జూన్‌లో పద్నాలుగున్నర, డిసెంబరులో పన్నెండున్నర గంటలు. అంటే ఎండాకాలానికీ చలికాలానికీ తేడా రెండు గంటలే. కాని ఆ రెండు గంటల కంటే దాహమే మనిషిని ఎక్కువ పరీక్షిస్తుంది. దాళ్వా కోతలనాడు చేలో వంగి పనిచేసేవారికి, బోర్లించిన కుండ కింద మంట పెట్టి రోజంతా పూతరేకులు తీసేవారికి నీళ్ళు లేకుండా పొద్దు పుచ్చడమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు.

ఇందుకు మతం మినహాయింపులు ఇచ్చింది. రోగులు, ప్రయాణంలో ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసం మాని తరువాత ఆ రోజులు తీర్చుకోవచ్చు. నెలసరి రోజుల్లో స్త్రీలు ఉపవాసం ఉండరాదు, ఆ రోజులనూ తరువాత తీర్చాలి. ఇక తీర్చే ఓపిక కూడా లేని ముసలివారు, తగ్గని జబ్బున్నవారు రోజుకొక పేదకు అన్నం పెట్టాలి. ప్రాణం మీదికి వస్తుందనిపిస్తే మధ్యాహ్నమే విడిచి, తరువాత ఒక రోజు ఉండవచ్చునని ధర్మవేత్తలు చెబుతారు.

కొత్తవారిలో చాలామంది ఈ మినహాయింపుల జోలికి పోరు. తమ భక్తిని నలుగురూ పరీక్షిస్తున్నారన్న భయం వారికి ఉంటుంది. జ్వరంతో ఒక రోజు మానితే ఇంట్లోవారు ‘ఇంతేనా’ అంటారు, మసీదులో వారేమనుకుంటారో తెలియదు. రెండు వైపులా పరీక్షే. ఇది మంచి పద్ధతి కాదు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ వాడేవారు, మూత్రపిండాల జబ్బున్నవారు వైద్యుణ్ణి అడగకుండా పంతానికి ఉపవాసం ఉండటం ప్రమాదం.

మరొక సందేహం కొత్తవారిని తరచు పీడిస్తుంది. ముప్పై ఏళ్ళ వయస్సులో మతం మారిన మనిషి అంతకుముందు ఉండని ఉపవాసాలన్నీ తీర్చాలా? అక్కరలేదు. ఇస్లాం స్వీకరించిన నాటి నుంచే లెక్క. నెల మధ్యలో స్వీకరిస్తే మిగిలిన రోజులుంటే సరి.

తాయిఫ్ వారికి తిండి మోసిన బిలాల్

కొత్తవారి మొదటి రంజాన్ ఎలా ఉంటుందో చెప్పే పాత ఉదంతం ఒకటి ప్రవక్త ముహమ్మద్ జీవిత చరిత్రలో ఉంది. తొలి చరిత్రకారుడు ఇబ్న్ ఇస్‌హాఖ్ దానిని నమోదు చేశాడు. మక్కాకు సమీపంలో తాయిఫ్ అనే కొండ ఊరుంది. అక్కడి సఖీఫ్ తెగవారు ఒకనాడు ప్రవక్తను రాళ్ళతో కొట్టించి తరిమినవారు. హిజ్రీ 9వ సంవత్సరంలో, అంటే 630 చివరలో, ఆ తెగ పెద్దలే మదీనాకు వచ్చారు. వారికి మసీదు ఆవరణలోనే గుడారం వేయించారు. మాటలు కుదిరి వారు ఇస్లాం స్వీకరించేసరికి రంజాన్ నడుస్తోంది. మిగిలిన రోజులు అక్కడే ఉపవాసం ఉన్నారు.

వారికి సహరీ, ఇఫ్తార్ భోజనం మోసుకు వచ్చినవాడు బిలాల్. ఒకప్పుడు బానిసగా ఉండి విముక్తి పొందిన నల్లజాతి మనిషి. తెల్లవారుజామున అతడు అన్నం తెస్తే, ‘తెల్లవారిపోయిందేమో’ అని వారు జంకేవారు. ప్రవక్త ఇంకా భోజనం చేస్తూ ఉండగానే వచ్చానని అతడు నచ్చజెప్పేవాడు. సాయంకాలం తెస్తే, ‘పొద్దు పూర్తిగా గూకలేదేమో’ అని చేయి చాపేవారు కాదు. ప్రవక్త ఉపవాసం విడిచాకే బయలుదేరానని చెప్పి, గిన్నెలో తానే చేయి పెట్టి ముందు ఒక ముద్ద తినేవాడు. అది చూశాక వారు తినేవారు.

తెగకు నాయకులైన వారు, ఊరును శాసించినవారు, పొద్దు గూకిందో లేదో తేల్చుకోలేక నిన్నటి బానిస చేతి ముద్ద చూసి తిన్నారు. ఆ జంకు నేటికీ ఉంది. అజాన్ వినిపించే ఊళ్ళో అయితే బాధ లేదు. మసీదు లేని పల్లెలో కొత్తవాడు కాగితం మీద ముద్రించిన వేళల పట్టిక చూసుకోవాలి. ఆ పట్టిక హైదరాబాదుదో, విజయవాడదో అయితే కొన్ని నిమిషాల తేడా వస్తుంది. హైదరాబాదుకు తూర్పున ఉన్న మనకు పొద్దు ముందుగా పొడుస్తుంది, ముందుగానే గూకుతుంది. అక్కడి పట్టిక పట్టుకుని ఇక్కడ సహరీ తింటే తెల్లవారిన తరువాత తిన్నట్టవుతుంది. రాజమండ్రి వేళలు సంపాదించుకోవడం ఉత్తమం.

దొర గారి రంజాన్

మతం మారి తెలుగు గడ్డ మీద రంజాన్ ఉపవాసాలున్న వారిలో ప్రపంచమంతా పేరు పొందిన మనిషి ఒక ఆంగ్లేయుడు. మార్మడ్యూక్ పిక్తాల్ 1875లో లండన్‌లో పుట్టాడు. తండ్రి క్రైస్తవ మతగురువు. హారో పాఠశాలలో విన్‌స్టన్ చర్చిల్‌కు సహాధ్యాయి. పందొమ్మిదో ఏట, 1894లో, పాలస్తీనా, సిరియా ప్రాంతాలకు వెళ్ళి అరబ్బీ నేర్చి, అక్కడివారి దుస్తులు కట్టి వారిలో ఒకడుగా తిరిగాడు. డమాస్కస్ పెద్ద మసీదులోని వృద్ధ గురువు దగ్గర అరబ్బీ చదువుకుంటూ, తాను ముస్లిం అవుతానన్నాడు.

ఆ గురువు సంతోషించి వెంటనే కలిమా చెప్పించి ఉంటాడనుకుంటాం. అలా జరగలేదు. తల్లి ఉన్నదా అని అడిగాడు. నీవు ఇంకా చిన్నవాడివి, పెద్దవాడివై స్వదేశం వెళ్ళి ఆలోచించుకో, నా కొడుకు క్రైస్తవుడైతే నాకెంత దుఃఖమో మీ అమ్మకూ అంతే కదా అని పంపించివేశాడు. పిక్తాల్ ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా ఆగాడు. ఈ లోపల నవలలు రాసి ఇంగ్లాండులో పేరు తెచ్చుకున్నాడు. 1917 నవంబరు 29న లండన్‌లోని నాటింగ్ హిల్‌లో ఒక ఉపన్యాసం ముగిస్తూ తాను ముస్లిమునని బహిరంగంగా ప్రకటించాడు.

ఆ ప్రకటన తరువాత వచ్చిన మొదటి రంజాన్ 1918 జూన్‌లో పడింది. లండన్ మనకు చాలా ఉత్తరాన ఉన్న ఊరు. జూన్‌లో అక్కడ పగలే పదహారున్నర గంటలు. వేకువ మొదలుకొని లెక్కిస్తే ఉపవాసం పద్దెనిమిది గంటలు దాటుతుంది. రాత్రి పూర్తిగా చీకటి కూడా పడదు. తినడానికి, పడుకోవడానికి, నమాజుకు కలిపి మిగిలేవి ఐదారు గంటలు. పైగా మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. చక్కెర, మాంసం, వెన్న రేషన్ మీద ఇచ్చేవారు. చలిదేశంలో దాహం తక్కువనుకున్నా ఇది మన జూన్ ఉపవాసానికి తీసిపోయేది కాదు.

మరుసటి ఏడు, 1919లో, లండన్‌లో ముస్లిముల ప్రార్థనలు నడిపించే బాధ్యత పిక్తాల్ మీద పడింది. ఆ రంజాన్‌లో రాత్రిపూట చేసే తరావీహ్ నమాజుకు ఆయనే ముందు నిలిచాడు. మతంలో చేరి రెండేళ్ళు తిరగకముందే పుట్టు ముస్లిములు ఆయన వెనుక వరుసలు కట్టారు. కొత్తవారిని ఎప్పటికీ వెనుక వరుసలోనే ఉంచే ఊళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

1920లో బొంబాయి వచ్చి ‘బాంబే క్రానికల్’ పత్రికకు సంపాదకుడయ్యాడు. 1925 మొదట్లో నిజాం ప్రభుత్వం పిలిపించి హైదరాబాదు చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయునిగా వేసింది. అప్పటికి మన గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉండేవి, హైదరాబాదు వేరే ప్రభువు ఏలుబడి. పిక్తాల్ మద్రాసుకు కూడా వచ్చి 1927లో ఇస్లామీయ సంస్కృతి గురించి ఉపన్యాసాలిచ్చాడు. అదే ఏడు హైదరాబాదు నుంచి ‘ఇస్లామిక్ కల్చర్’ అనే పత్రిక ఆయన సంపాదకత్వంలో మొదలయింది.

హైదరాబాదులో ఆయనకు వచ్చిన మొదటి రంజాన్ 1925 మార్చి ఆఖరి వారంలో మొదలయింది. ఎండలు ముదిరే వేళ. చివరిది 1934 డిసెంబరులో మొదలయింది. ఉద్యోగం విరమించి 1935 జనవరిలో ఊరు విడిచేనాటికి పదేళ్ళలో రంజాన్ ఎండ నుంచి చలిలోకి జరిగిపోయింది. మధ్యలో సెలవు మీదా, రాచకార్యాల మీదా విదేశాలకు వెళ్ళి ఉన్నాడు కనుక అన్ని రంజాన్‌లూ నగరంలోనే గడిచాయనలేం. కాని లండన్ రంజాన్‌కూ హైదరాబాదు రంజాన్‌కూ గల తేడా ఊహించడం కష్టం కాదు. లండన్‌లో ఉపవాసమంటే వీధంతా తింటూ ఉండగా ఒకరు మానడం. హైదరాబాదు పాతబస్తీలో వీధంతా కలిసి మానడం, వీధంతా కలిసి తినడం. సాయంకాలం ఆ నగరంలో హలీము గిన్నెల దగ్గర గుమికూడే జనం ఈనాటికీ ప్రసిద్ధం. హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన ఆత్రేయపురం పూతరేకులకు ఆ గౌరవం 2023లో వచ్చింది. కాస్త ఆలస్యమే అయింది.

పిక్తాల్ పేరు నిలబెట్టిన పని ఖుర్ఆన్ ఆంగ్లానువాదం. అందుకోసం నిజాం ఆయనకు పూర్తి జీతంతో రెండేళ్ళు సెలవిచ్చాడు. రాత ప్రతి పట్టుకుని కైరో వెళ్ళి అక్కడి పండితులతో చర్చించాడు. ఖుర్ఆన్‌ను అనువదించడమే తప్పని వాదించేవారు అక్కడ ఉన్నారు. అందుకనే తన గ్రంథాన్ని ఖుర్ఆన్ అనక, దాని భావం అని పేరు పెట్టాడు. 1930లో అచ్చయింది. ఇంగ్లీషు మాతృభాషగా గల ముస్లిం చేసిన మొదటి అనువాదం అదే. ఆయన 1936 మే 19న ఇంగ్లాండులో చనిపోయాడు. లండన్ దగ్గర బ్రూక్‌వుడ్ శ్మశానంలో సమాధి ఉంది.

తెలుగులో చదివేవారి సంగతి

రంజాన్ ఖుర్ఆన్ అవతరించిన నెల అని ముస్లిముల విశ్వాసం. రాత్రి తరావీహ్ నమాజులో నెల రోజులకు గ్రంథమంతా వినిపించే ఏర్పాటు చాలా మసీదులలో ఉంటుంది. పారాయణ అరబ్బీలో, ప్రసంగం తరచు ఉర్దూలో. తెలుగు తప్ప మరొకటి రాని కోనసీమ మనిషి గంటకు పైగా నిలబడి ఒక్క ముక్క అర్థం కాకుండా వినాలి. గుడిలో సంస్కృత మంత్రం విన్నట్టే కదా అనవచ్చు. కాని గుడిలో ఆ మంత్రం పుట్టినప్పటి నుంచి చెవిన పడినది. ఇది కొత్తది.

ఈ అవసరానికి తెలుగు పుస్తకాలున్నాయి. ఆంధ్ర భాషా చరిత్ర రాసిన చిలుకూరి నారాయణరావు గారు ఖుర్ఆన్‌ను తెనిగించారు. ఆయన ముస్లిం కారు, భాషాపండితులు. ఆ తరువాత ముస్లిం పండితులు చేసిన అనువాదాలూ వచ్చాయి. హైదరాబాదులోని తెలుగు ఇస్లామిక్ పబ్లికేషన్స్ వంటి సంస్థలు నమాజు, ఉపవాసాల నియమాలను తెలుగులో అచ్చు వేస్తున్నాయి. నమాజులో చదవవలసిన అరబ్బీ వాక్యాలను తెలుగు లిపిలో రాసుకుని జేబులో పెట్టుకునేవారూ ఉంటారు. ఉపవాసానికి అనుకోవలసిన సంకల్పం మాత్రం మనస్సులో అనుకుంటే చాలు, ఏ భాష అయినా ఒకటే.

ఇస్లాం మనకు ఉర్దూ మతమన్న అభిప్రాయం ఉంది గాని, అది పూర్తి నిజం కాదు. ఇంట తెలుగే మాట్లాడే దూదేకుల వారు, నూర్‌బాషాలు, ఆంధ్ర దేశమంతటా తరతరాలుగా ఉన్నారు. వారి పెద్దలూ ఒకనాటి కొత్తవారే.

అమెరికాలో డిసెంబరు రంజాన్

ఉపవాసాన్ని తమ వీలుకు మార్చుకున్న కొత్తవారూ ఉన్నారు. అమెరికాలోని నల్లవారిలో నేషన్ ఆఫ్ ఇస్లాం అనే ఉద్యమం లేచింది. ముష్టియోధుడు ముహమ్మద్ అలీ 1964లో చేరింది అందులోనే. ఆ ఉద్యమ నాయకుడు ఎలైజా ముహమ్మద్ తన అనుచరుల ఉపవాసాన్ని ఏటా డిసెంబరుకు ఖాయం చేశాడు. అక్కడ డిసెంబరులో పగలు పొట్టి. పైగా క్రిస్మస్ సంబరాలు, ఖర్చులు జరిగే నెల. తన వారిని ఆ సంబరాల నుంచి మళ్ళించాలన్నది కూడా ఆయన ఆలోచన.

1975లో ఆయన చనిపోయాక కుమారుడు నాయకత్వం చేపట్టి, ప్రపంచ ముస్లిములందరితో పాటు నెలవంకను బట్టే రంజాన్ ఉండాలని మార్చాడు. ముహమ్మద్ అలీ కూడా ఆ దారినే నడిచాడు. వీలును బట్టి చూస్తే డిసెంబరే నయం. కాని ఒక్కరే ఒక నెలలో, లోకమంతా మరొక నెలలో ఉపవాసం ఉంటే కలిసి విడిచే ముద్ద ఉండదు కదా.

తల్లితో పేచీ

ఇంట్లో పేచీ ఎక్కువగా వంటింటి దగ్గరే వస్తుంది. కొడుకు పగలంతా పస్తుంటే ఏ తల్లి గొంతులోనూ ముద్ద దిగదు. ‘ఒక్క గుక్క కాఫీకి ఏమవుతుంది’ అని బతిమాలడం, వినకపోతే ఏడవడం, చివరికి మాటలు మానడం. ఇంట్లో వ్రతమో, తద్దినమో వస్తే ఇంకొక చిక్కు. దేవుడికి పెట్టిన నైవేద్యం తినడానికి కొడుకు ఒప్పుకోడు. తినకపోతే అవమానమని ఇంటివారు బాధపడతారు.

ఈ విషయంలో ఇస్లామీయ సంప్రదాయం చెప్పేది స్పష్టమే. తల్లిదండ్రులు తమ దైవాలనే కొలవమంటే ఆ మాట వినకూడదు గాని, వారితో మంచిగా మసలుకోవాలని ఖుర్ఆన్ బోధ. ప్రవక్త సన్నిహితుడు అబూబకర్ కుమార్తె అస్మా తల్లి ఇస్లాం స్వీకరించలేదు. ఆమె కూతురిని చూడటానికి మదీనా వచ్చినప్పుడు, అమ్మను ఆదరించవచ్చునా అని అస్మా ప్రవక్తను అడిగింది. ఆదరించమనే ఆయన జవాబు. నైవేద్యం మాట వేరు. తల్లి వండిన అన్నం, పప్పు, పులుసు, ఇంట చేసిన పూతరేకు ఇఫ్తార్‌కు తినడానికి ఏ అడ్డూ లేదు. మాంసం విషయంలోనే జబహ్ నియమం.

కాబట్టి తెల్లవారుజామున కొడుకును లేపి నాలుగు ముద్దలు పెట్టిన తల్లి మతం ఎక్కడికీ పోదు. కొడుకు మతమూ పోదు. ఈ చిన్న సంగతి దగ్గర పట్టుదలకు పోయి ఇళ్ళు విరగ్గొట్టుకోవడం తెలివైన పని కాదు. మసీదు పెద్దలకూ ఒక మాట ఉంది. కలిమా చెప్పించిన రోజున కౌగలించుకుని, రంజాన్ వచ్చేసరికి ఆ మనిషి ఎక్కడ తింటున్నాడో అడగకపోతే, బిలాల్ గిన్నె మోసిన కథ ప్రసంగాలలో ఎన్నిసార్లు చెప్పినా ప్రయోజనం లేదు.

ఇంటి పేచీతో పాటు కాగితం పేచీ కూడా ఉంది. మతం ఎంచుకునే స్వేచ్ఛను రాజ్యాంగం 25వ అధికరణ ఇస్తున్నది. కాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళితుడు ఇస్లామో, క్రైస్తవమో స్వీకరిస్తే ఆ హోదా పోతుంది. ఈ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. హాస్టలు సీటో, ఉద్యోగమో, పంచాయతీ పదవో ఈ ధ్రువపత్రం మీద ఆధారపడిన ఇంట్లో కొడుకు ఉపవాసం సంగతి బయటికి పొక్కకూడదని తల్లిదండ్రులు భయపడటంలో ఆశ్చర్యం లేదు. అందుచేత దాచుకుని ఉపవాసం ఉండేవారూ ఉంటారు. పనిలో ఎవరైనా టీ ఇస్తే కడుపులో బాగోలేదని చెప్పి తప్పించుకోవడం వారికి దినచర్య.

2020లో అందరూ ఒంటరే

2020 రంజాన్‌ను ఇక్కడ తలచుకోవాలి. కరోనా లాక్‌డౌన్ నడుమ ఏప్రిల్ 25న ఉపవాసాలు మొదలయ్యాయి. మసీదుల్లో సామూహిక నమాజులు లేవు, ఇఫ్తార్ విందులు లేవు, తరావీహ్ ఇళ్ళలోనే. మే 25న పండుగ నమాజు సైతం ఇంట్లోనే చేసుకున్నారు. ఈద్గా మైదానాలు ఖాళీగా ఉన్నాయి. పుట్టు ముస్లిములు ఆ నెల ఎంతో వెలితిగా గడిపారు. నలుగురూ లేని రంజాన్ ఎలా ఉంటుందో వారికి ఒక్క ఏడాది తెలిసి వచ్చింది. కొత్తవారిలో కొందరికి అది ప్రతి ఏడూ తెలిసినదే.

పండుగ ముందు ఫిత్రా దానం ఇవ్వాలి. ఇంట్లో తలకు ఇంత చొప్పున ధాన్యమో, దాని ఖరీదో పేదలకు పండుగ నమాజుకు ముందే అందాలి. కొలత వర్గాన్ని బట్టి మారుతుంది. ఆ ఏటి లెక్క మసీదు పెద్దలు చెబుతారు. బియ్యం తినే దేశంలో బియ్యం ఇచ్చినా చెల్లుతుందని చాలామంది పండితుల మాట. జకాత్ సొమ్ము ఎవరెవరికి చెల్లుతుందో ఖుర్ఆన్ ఎనిమిది తరగతులు చెప్పింది. హృదయాలను దగ్గర చేసుకోవలసిన వారు అందులో ఒక తరగతి. కొత్తగా మతంలోకి వచ్చినవారు ఇందులోకి వస్తారని సాధారణంగా అర్థం చెబుతారు. ఇల్లు విడవవలసి వచ్చిన వారికి ఈ పద్దు కింద సహాయం అడిగే హక్కు ఉన్నదన్నమాట.

పండుగ నాడు నమాజు పది గంటల లోపే అయిపోతుంది. ఆ తరువాత పుట్టు ముస్లిములు మేనమామల ఇంటికీ, అత్తల ఇంటికీ సేమ్యా పాయసానికి బయలుదేరుతారు. మైదానం ఖాళీ అయ్యేసరికి అత్తరు వాసనతో, కొత్త చొక్కాతో ఎటు పోవాలో తెలియక నిలబడిన మనిషి కనిపిస్తే, అతడు కొత్తవాడే అయి ఉండవచ్చు.

నెల ముగిశాక మానిన రోజుల బాకీ మిగులుతుంది. జ్వరం వచ్చినవారు, స్త్రీలు, తరువాతి రంజాన్ లోపున వీలైనప్పుడు వాటిని తీర్చుకోవాలి. అప్పుడు మసీదులో దీపాల వరుసలుండవు, పుట్టు ముస్లిముల ఇళ్ళలోనూ లేపేవారుండరు. పగలు పొట్టిగా ఉండే కార్తిక మార్గశిరాల్లో ఈ బాకీ తీర్చడం తేలిక. కార్తిక సోమవారం ఎంచుకుంటే ఇంట్లో తల్లికి కూడా ఆ రోజు నక్తమే. కూతురు పొద్దు గూకగానే ఖర్జూరం తింటుంది. తల్లి చుక్క పొడిచేదాకా ఆగుతుంది. ఇద్దరి నడుమ తేడా ఇరవై నిమిషాలో, అరగంటో.